బోదకాలు మాత్రలు: జబ్బు లేని నాకెందుకు? జబ్బున్న పెద్దమ్మకి తగ్గలేదెందుకు?

నాగావళి_గట్టు
నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చొక్కా కూడా విప్పలేదు, గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు. చేతిలో మాత్రల డబ్బా, రిజిస్టరు, గోడ మీద గుర్తు పెట్టడానికి సుద్దముక్క. బోదకాలు మాత్రలట. "ఇచ్చేసి వెళ్లండమ్మా, అన్నం తిన్నాక వేసుకుంటాను" అంటే కుదరదట. వాళ్ల కళ్ల ముందే మింగాలట. నేనేమైనా బడిపిల్లాడినా?

పోయినసారి ఇలాగే మొహమాటానికి పోయి ఖాళీ కడుపుతో నాలుగు మాత్రలూ మింగేశాను. రాత్రి పదకొండయ్యేసరికి చలి, జ్వరం, వాంతి. మర్నాడు సెలవు, ఆ రోజు జీతం పోయింది.

నాకు జబ్బు లేదు. మా ఇంట్లో జబ్బున్నది పెద్దమ్మకి. ముప్పై ఏళ్లుగా ఎడమ కాలు. ఇచ్చిన ప్రతిసారీ మాత్రలు వేసుకుంటూనే ఉంది, కాలు అంగుళం కూడా తగ్గలేదు. జబ్బున్న ఆవిడకి పనిచేయని మందు జబ్బు లేని నాకెందుకు? తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

రాజాం_బుల్లోడు
మా వీధిలోకి మాత్రల వాళ్లు వస్తున్నారంటే మనుషులు ముందు మాయం, కుక్కలు ఆ తర్వాత.

గంటస్తంభం_సెంటర్
ఊరికే ఇంటికి తెచ్చి ఇస్తున్నారంటేనే అనుమానించాలి. పారాసిటమాల్ కోసం వెళ్తే "స్టాకు లేదు" అంటారు, ఇది మాత్రం గుమ్మం దాకా వస్తుంది. గడువైపోయిన సరుకు మన మీద వదిలించుకుంటున్నారని మా విజయనగరంలో టాక్.

ఉద్దానం_కొబ్బరి
మా వైపు ఇంకో టాక్ ఉంది, పిల్లలు పుట్టరని. మా బాబాయి నాలుగుసార్లు వేసుకున్నాడు, నలుగురు పిల్లలు.

స్లైడు_మాస్టారు
ఫైలేరియా (బోదకాలు) రక్తపు స్లైడులు చూస్తూనే సర్వీసంతా గడిచిపోయింది నాకు. రిటైరై ఐదేళ్లయింది. నాగావళి బాబూ, "నాకు జబ్బు లేదు" అని రాశావు. ఎవరు చెప్పారు? రక్తం ఎప్పుడైనా రాత్రిపూట తీయించుకున్నావా?

రాత్రి అని ఎందుకంటున్నానంటే, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి సుమారు పదికీ రెండుకీ మధ్య వేలి కొసల దాకా వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. అందుకే మేం రాత్రి తొమ్మిది దాటాక టార్చిలైట్లు పట్టుకుని ఇళ్లకు వెళ్లేవాళ్లం. దొంగలనుకుని తరిమిన ఊళ్లు కూడా ఉన్నాయి, అది వేరే కథ.

ఒకసారి ఇరవై రెండేళ్ల కుర్రాడు, మంచి కబడ్డీ ఆటగాడు, "నాకేటి రోగం" అని నవ్వుతూ వేలు ఇచ్చాడు. సరదాకి ఆ చుక్కని ఆరబెట్టకుండా పచ్చిగానే మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాలను అటూ ఇటూ తోసేస్తూ, పాముపిల్లలా మెలికలు తిరుగుతూ కనిపించింది. పిలిచి చూపించాను. నవ్వు ఆగిపోయింది. పది నిమిషాలు కళ్లు తీయలేదు. అతని రెండు కాళ్లూ సన్నగా, శుభ్రంగానే ఉన్నాయి. రక్తంలో పురుగున్నవాళ్లలో ఎక్కువమంది అలాగే ఉంటారు, పైకి ఏమీ కనపడదు. కానీ వాళ్లని కుట్టిన దోమ మాత్రం పక్కింటికి మోసుకెళ్తుంది.

మీ పెద్దమ్మ సంగతి ఇంకో రకం. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో, అంటే ఒంట్లో ఊరిన నీటిని వెనక్కి మోసుకెళ్లే సన్న గొట్టాల్లో, ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. ఈలోగా ఆ నాళాలు పాడైపోతాయి. పురుగు చచ్చినా పాడైన నాళం బాగుపడదు. ముప్పై ఏళ్ల కాలులో బహుశా ఇప్పుడు పురుగే ఉండదు. మాత్ర చంపేది పురుగుని, తగ్గించేది వాపుని కాదు. ఇది ఇంటింటికీ చెప్పాల్సిన మొదటి మాట. చెప్పరు, మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఆ తప్పు మా శాఖదే.

నాగావళి_గట్టు
మాస్టారూ, ఇన్నేళ్లలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదండి. పెద్దమ్మ తన కాలు కోసమే వేసుకుంటున్నాననుకుంటోంది. మరి నాకు వచ్చిన జ్వరం సంగతేమిటి?

స్లైడు_మాస్టారు
రెండు కారణాలు ఉండొచ్చు. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఆ మాత్రల్లో డీఈసీ అనే మందు వికారం పెడుతుంది, అది నీ తప్పూ ఇచ్చినవాళ్ల తప్పూ. రెండోది, ఒంట్లో పురుగు పిల్లలుంటే మాత్ర పడగానే అవి గుంపుగా చస్తాయి, ఆ చచ్చిన సరుకుకి ఒళ్లు తిరగబడుతుంది. చలి, జ్వరం, తలనొప్పి వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. నీకు ఏది జరిగిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ జ్వరం వచ్చినవాడే "ఇంకెప్పుడూ వేసుకోను" అంటాడు చూడు, మాకు అక్కడే భయం వేసేది. వాడికే అవసరం ఎక్కువై ఉండొచ్చు.

రాజాం_బుల్లోడు
ఓలమ్మో. అంటే నాగావళి అన్న ఒంట్లో జాతర జరిగిందన్నమాట.

నాగావళి_గట్టు
నవ్వు తమ్ముడూ నవ్వు. రాత్రి రక్తం తీయించుకుంటాను, నిన్నూ తీసుకెళ్తాను.

పలాస_జీడి
నేను ఫార్మసీ చదివాను కాబట్టి కొంచెం కొత్త పరిశోధన గురించి. మనకి ఇచ్చేవి రెండు రకాలు: డీఈసీ, ఆల్బెండజోల్. వీటికి ఐవర్‌మెక్టిన్ కలిపి మూడు ఒకేసారి ఇస్తే ఎలా ఉంటుందని పపువా న్యూగినీలో ట్రయల్ చేశారు, 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. రక్తంలో పురుగు పిల్లలున్న 182 మందిని మూడు గుంపులు చేశారు. మూడు మందులు ఒక్కసారి వేసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత 96 శాతం మంది రక్తం శుభ్రం. రెండు మందులు ఒక్కసారి వేసుకున్నవాళ్లలో 32 శాతమే. మూడు మందుల గుంపులో మూడేళ్ల తర్వాత చూసినా అదే 96.

భద్రత మీద కూడా పెద్ద అధ్యయనం జరిగింది. ఇండియా, ఇండోనేషియా, ఫిజీ, హైతీ, పపువా న్యూగినీ కలిపి 26 వేల మందికి పైగా. మన దేశంలో చేసింది కర్ణాటకలోని యాద్గిర్‌లో. రెండు మందులకీ మూడు మందులకీ ఇబ్బందుల్లో పెద్ద తేడా కనపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే దీన్ని సిఫారసు చేసింది, మన దేశంలో కొన్ని జిల్లాల్లో 2018 నుంచి మొదలుపెట్టారు.

చీపురుపల్లి_పాడి
ఆగండాగండి. ఐవర్‌మెక్టిన్ అంటే మా గేదెకి పిడుదులు పడితే డాక్టరు పొడిచే ఇంజెక్షనే కదా?

పలాస_జీడి
అదే మందు. మోతాదు, తయారీ వేరు. దయచేసి గేదె సీసా ముట్టుకోకండి.

చీపురుపల్లి_పాడి
నేను ముట్టుకోను గానీ, మందు మీద ఉన్న నమ్మకం పెరిగింది. మా గేదె ఈ మధ్య ఒకటిన్నర లీటరు ఎక్కువిస్తోంది.

ఉద్దానం_కొబ్బరి
కరోనాకి కూడా అదే వాడారుగా, వాట్సాప్‌లో తెగ తిరిగింది.

పలాస_జీడి
తిరిగింది. బ్రెజిల్‌లో చేసిన పెద్ద ట్రయల్‌లో కరోనాకి పనిచేయదని 2022లో తేలింది. కానీ పురుగుల మీద దానికి తిరుగులేదు. జపాన్‌లో సతోషి ఒమురా అనే ఆయన ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలోని బ్యాక్టీరియా నుంచి వచ్చింది ఇది. ఆయనకీ విలియం క్యాంప్‌బెల్‌కీ 2015లో నోబెల్ ఇచ్చారు. ఆ ఏడు మిగతా సగం మలేరియా మందు కనిపెట్టిన చైనా ఆవిడ తూ యూయూకి.

రాజాం_బుల్లోడు
మా ఊరి చెరువుగట్టు మట్టి కూడా ఎవరైనా పరీక్ష చేయండర్రా. ఆ వాసనకి నోబెల్ ఖాయం.

కొండగాలి_గుమ్మలక్ష్మీపురం
మీకు బోదకాలు, మాకు మలేరియా. దోమ మాత్రం అందరికీ ఉచితం. మా దగ్గర మందు దోమతెరలు ఇచ్చారు. సగం మేకల దొడ్డికి కట్టారు, కొన్ని గెడ్డలో చేపలు పట్టడానికి. వాటిలో పడుకుంటే ఉక్క అని మా ముసలాయన గొడవ. మలేరియాకి టీకా వచ్చిందని పేపర్లో చదివాను, మాకెప్పుడో?

పలాస_జీడి
రెండు టీకాలు వచ్చాయండి, 2021లో ఒకటి, 2023లో ఒకటి సిఫారసయ్యాయి. రెండోది ఆక్స్‌ఫర్డ్ వాళ్లది, తయారయ్యేది మన పుణెలోనే. ఇప్పటికి వేస్తున్నది ఎక్కువగా ఆఫ్రికా పిల్లలకి. మీకు మాత్రం ప్రస్తుతానికి దోమతెరే. మేకల దగ్గర నుంచి వెనక్కి తెచ్చుకోండి.

ఆశా_అప్పలమ్మ
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఇప్పుడు నా మాట వినండి. గడువైపోయిన మాత్రలన్న ఆయన ఎవరో, ఒకసారి మా సబ్‌సెంటర్‌కి వచ్చి డబ్బా మీద తేదీ చదవండి. మాకేం కమీషన్ రాదు. ఎండలో రోజుకి ఎన్ని ఇళ్లు తిరుగుతామో తెలుసా?

"కళ్ల ముందే మింగాలి" అనేది ఎందుకు వచ్చిందో చెప్తాను. పోయినసారి ఒక ఇంట్లో ఐదుగురికి ఇచ్చాను. పెద్దాయన, కొడుకులు, కోడళ్లు, అందరూ "వేసుకుంటాం తల్లీ" అన్నారు. రిజిస్టరులో రాసుకున్నాను. వారం తర్వాత వేరే పని మీద వెళ్తే, వాళ్ల తులసికోట మట్టిలో తెల్లగా ఏవో కనిపించాయి. వంగి చూస్తే మాత్రలు, పందొమ్మిది లెక్కపెట్టాను. ఇరవై ఇచ్చాను నేను. ఆ ఒక్కటి ఎవరు మింగారో ఇప్పటికీ తెలీదు. కొందరు నాలిక కింద పెట్టుకుని మేం సందు తిరగగానే ఉమ్మేస్తారు. అందుకే నోరు తెరవమంటాం. మాకు సరదా కాదు.

నాగావళి గారు చెప్పిన దాంట్లో ఒకటి మాత్రం నిజం. అన్నం తిన్నారా అని అడిగి ఇవ్వాలి. నేనైతే తిన్నాక మళ్లీ వస్తాను. రెండేళ్లలోపు పిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్లకి, బాగా జబ్బుపడ్డవాళ్లకి అసలు ఇవ్వం. పెద్దవాళ్లకి డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి డీఈసీ రెండు, ఆల్బెండజోల్ ఒకటి, ఇంకా చిన్నవాళ్లకి ఒకటీ ఒకటీ. ఆల్బెండజోల్ నమలాలి.

ఉద్దానం_కొబ్బరి
ఆ ఒక్క మాత్ర తులసమ్మే మింగిందేమో అక్కా. ఆవిడకి బోదకాలు రాదిక.

గంటస్తంభం_సెంటర్
అమ్మా, గడువు మాట వెనక్కి తీసుకుంటున్నాను, మీ కష్టం మీద కాదు నా కోపం. నా అసలు బాధ ఇది: మా వార్డులో మురుగుకాలవ మీద పలక పగిలి రెండేళ్లు. నీళ్లు కదలవు, నల్లగా, పైన నురగ. సాయంత్రం ఆరైతే కిటికీ తెరిస్తే దోమలు ముఖం మీద పడతాయి. అర్జీ ఇస్తే రసీదు ఇచ్చారు. కాలవ బాగుచేయకుండా ఏటా జనం చేత మందులు మింగించడం, పైకప్పు కారుతుంటే ఇంట్లో గొడుగు పట్టుకున్నట్టు.

స్లైడు_మాస్టారు
సగం ఒప్పుకుంటాను. క్యూలెక్స్ పుట్టేదే ఆ మురికి నీళ్లలో. ఫైలేరియా పురుగు పిల్లలు దోమ ఒంట్లో పెరుగుతాయని పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు చైనాలో 1877లో కనిపెట్టాడు, దోమకీ జబ్బుకీ లంకె దొరికింది అప్పుడే మొదటిసారి. ఆయన శిష్యుడే మన సికింద్రాబాద్‌లో 1897లో మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్. కాబట్టి దోమని వదిలేయమని ఎవరూ అనరు.

కానీ మిగతా సగం ఒప్పుకోను. కాలవలన్నీ బాగయ్యేదాకా ఆగితే మనవళ్లకి కూడా కాళ్లు వాస్తాయి. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బు వదిలించుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. బంగ్లాదేశ్‌లో మురుగుకాలవలు మనకన్నా గొప్పగా ఉన్నాయా? అర్హులందరూ నిజంగా మింగితే నాలుగైదేళ్లలో దోమకి దొరికే పురుగే ఉండదు. దోమ కుడుతుంది, దురద పెడుతుంది, అంతే. మన దేశం 2027 అని గడువు పెట్టుకుంది. తులసికోటల్లో మాత్రలు నాటితే ఆ గడువు దాటిపోతుంది.

గంటస్తంభం_సెంటర్
గొడుగు పట్టుకుంటాను మాస్టారూ. కానీ పైకప్పు గురించి అరవడం మానను.

స్లైడు_మాస్టారు
మానకు.

పొందూరు_నూలు
నాగావళి తమ్ముడూ, మీ పెద్దమ్మ గురించి ఎవరూ పట్టించుకోకుండా మందుల్లోకి వెళ్లిపోయారు. మా అమ్మకి కుడి కాలు, పాతికేళ్లుగా. నాకు తెలిసింది రాస్తాను.

మూడేళ్ల క్రితం ఎవరో డాక్సీసైక్లిన్ కోర్సు వాడితే వాపు తగ్గుతుందన్నారు. ఎందుకంటే పురుగు ఒంట్లో ఒల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుందట, అది లేకపోతే పురుగు బతకలేదట. 2012లో ఘనా దేశంలో చేసిన ట్రయల్‌లో కాళ్లు మెరుగయ్యాయని చదివి నేనూ ఆశపడ్డాను. తర్వాత మాలి, శ్రీలంక, మన దేశం, మూడు చోట్ల మళ్లీ పరీక్షించారు, 2024లో ఫలితాలు వచ్చాయి. డాక్సీ వేసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ వాపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. చదివి ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కానీ అందులోనే ఇంకో సంగతి ఉంది. ఆ ట్రయల్స్‌లో అన్ని గుంపులవాళ్లకీ కాలు కడుక్కోవడం పద్ధతిగా నేర్పారు. చలిజ్వరాలు రావడం అన్ని గుంపుల్లోనూ తగ్గింది, ఉత్తుత్తి మాత్రవాళ్లకి కూడా. అమ్మకి ఏడాదికి ఐదారుసార్లు వచ్చేది: గజ్జల్లో బిళ్ల కట్టడం, కాలు ఎర్రగా కాలిపోవడం, వణుకు, మూడు రోజులు మంచం. అలా వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావయ్యేది. ఆ జ్వరాలు చర్మంలో పగుళ్లలోంచి సూక్ష్మజీవులు దూరడం వల్ల వస్తాయట.

అప్పట్నుంచి రోజూ రాత్రి ఇదే పని. ప్లాస్టిక్ టబ్బులో మామూలు నీళ్లు, మామూలు ఒంటి సబ్బు. పైనుంచి కిందికి మెల్లగా కడగాలి, గోకకూడదు. వేళ్ల మధ్య ఒక్కొక్కటీ విడదీసి కడగాలి. తర్వాత మెత్తని పాత నూలు గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. మా ఇంట్లో నూలు గుడ్డకి కరువు లేదు, పేరు చూశారుగా. వేళ్ల సందులో తెల్లగా నానితే ఫంగస్ ఆయింట్‌మెంట్, డాక్టరు రాసింది. రాత్రి మంచం కాళ్ల వైపు రెండు ఇటుకలు. పోయిన ఏడాదంతా ఒక్క జ్వరమే. కాలు సన్నబడలేదు, అబద్ధం చెప్పను. కానీ పైడితల్లమ్మ సిరిమాను చూడటానికి నాతో నడిచి వచ్చింది, పదేళ్ల తర్వాత.

రాజాం_బుల్లోడు
అక్కా, ఈ ఒల్బాకియా అంటే డెంగీ దోమల్లోకి ఎక్కించి వదులుతున్నారు, అదేనా? అక్కడ మంచిది, ఇక్కడ చెడ్డదా?

పలాస_జీడి
ఆ జాతి బ్యాక్టీరియానే. ఫైలేరియా పురుగుకి అది ప్రాణం, కాబట్టి చంపాలని చూస్తారు. డెంగీ దోమలోకి ఎక్కిస్తే దోమలో వైరస్‌ని పెరగనీయదు, కాబట్టి పెంచాలని చూస్తారు. ఇండోనేషియాలోని యోగ్యకర్తలో అలాంటి దోమలు వదిలిన పేటల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో వచ్చింది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) కేంద్రం కూడా అలాంటి దోమల్ని తయారుచేసింది.

రాజాం_బుల్లోడు
అల్లుడి లాగా అన్నమాట. అత్తారింట్లో ఒక రకం, సొంతింట్లో ఇంకో రకం.

చీపురుపల్లి_పాడి
పెళ్లయిందా బుల్లోడా? అనుభవంలా ఉంది.

కొండగాలి_గుమ్మలక్ష్మీపురం
పొందూరు అమ్మా, మీ అమ్మగారికి పింఛను వస్తుందా?

పొందూరు_నూలు
రాదండి. రెండు కాళ్లకీ నాలుగో గ్రేడు వాపు ఉంటేనే. అమ్మకి ఒక్క కాలే. "రెండోది కూడా వస్తే రండి" అన్నట్టే ఉంది రూలు. అమ్మే నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు.

నాగావళి_గట్టు
పన్నెండు రోజుల తర్వాత వచ్చాను. వరసగా చెప్తాను.

మాత్రలు వేసుకున్నాను. రాత్రి పెరుగన్నం తిని, ఆ ఆశా అక్క ముందే. కొంచెం తలనొప్పి, ఈసారి జ్వరం లేదు. నోరు తెరిచి చూపించాను కూడా, పక్కింటి పిల్లలు చూసి నవ్వారు. రాత్రి రక్తం ఇచ్చాను, ఫలితం ఇంకా రాలేదు.

పెద్దమ్మకి "ఈ మాత్ర నీ కాలు కోసం కాదు" అని చెప్పడానికి మూడు రోజులు పట్టింది. చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇన్నాళ్లూ మీ కోసం వేసుకున్నానన్నమాట" అంది. అంతే, ఇంకేం అనలేదు.

పొందూరు అక్క చెప్పినట్టు కాలు కడగడానికి కూర్చున్నాను. మొదట ఒప్పుకోలేదు, మగపిల్లాడివి నా కాళ్లు పట్టుకుంటావా అని. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య విడదీసి చూస్తే లోపల తెల్లగా నాని, అడ్డంగా చీలి ఉంది, వడ్లగింజంత. నొప్పి లేదా అంటే "ఎప్పుడూ ఉండేదే కదా" అంది. ఇన్నేళ్లలో ఎంతోమంది డాక్టర్లకి చూపించాం, కాలు మీదే నొక్కి చూశారు. ఆ వేళ్ల మధ్య ఎవరూ చూడలేదట. నేనూ చూడలేదు.

పొందూరు_నూలు
తమ్ముడూ, ఆ చీలికలోంచే జ్వరాలు వస్తాయి. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుకి చూపించు, ఆయింట్‌మెంట్ రాయించు. వేడినీళ్లు వద్దు. చెప్పులు వేలికి పట్టీ ఉన్నవి కాకుండా వెడల్పువి కొను. తడి కాలుతో పడుకోనివ్వకు.

ఆశా_అప్పలమ్మ
మీ పీహెచ్‌సీలో బోదకాలు ఉన్నవాళ్లకి టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉన్న కిట్ ఇస్తారు. అడగండి. అడిగితేనే బయటకు తీస్తారు. బుల్లోడూ, రాజాంలో మీది ఏ వీధి?

రాజాం_బుల్లోడు
నెట్ సరిగా రావడం లేదక్కా.

నాగావళి_గట్టు
కిట్ సంగతి తెలియక బజార్లో టబ్బు కొనేశాను, నీలం రంగుది. పెద్దమ్మకి ఎరుపు కావాలట. రేపు మార్చుకురావాలి.